మూడో కాపీ: మైలిన్ ప్రోటీన్ ఎక్కువైన ఒక కుటుంబం

ఆ అబ్బాయి గదిలోకి రాకముందే అడుగుల చప్పుడు వినిపించింది. మామూలు నడకలో ముందు మడమ ఆనుతుంది, తర్వాత పాదం మెల్లగా దిగుతుంది. ఇతని పాదం ముందు భాగం టప్ టప్‌మని నేలకు కొట్టుకుంటోంది. వేళ్ళు నేలకు తగలకుండా ప్రతి అడుగుకీ మోకాలు కాస్త ఎత్తుతున్నాడు. వయసు 19. బుగ్గలు ఉబ్బి ముఖం గుండ్రంగా ఉంది. చేతిలో లావుపాటి ఫైలు. అది తెరవకుండానే, స్టెరాయిడ్లు చాలా కాలంగా వాడుతున్నాడని తెలిసిపోయింది. (కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు ఇక్కడ మార్చి రాస్తున్నాను.)

ఫైల్లో రాసి ఉన్న జబ్బు పేరు సీఐడీపీ. రోగనిరోధక వ్యవస్థ పొరబడి, నరాల మీదున్న మైలిన్ పొర మీదే దాడి చేసే జబ్బు అది. కాళ్ళలో బలం తగ్గింది, సుత్తితో కొడితే రిఫ్లెక్సులు రావడం లేదు, నరంలో సిగ్నల్ ఎంత వేగంగా వెళ్తుందో కొలిచే నెర్వ్ కండక్షన్ టెస్టులో వేగం బాగా తక్కువ, వెన్ను నీటిలో ప్రోటీన్ డెసిలీటరుకు 78 మిల్లీగ్రాములు. 45 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఇవన్నీ చూసి సీఐడీపీ అనుకోవడం నిర్లక్ష్యం కాదు, ఎవరికైనా ఆ పేరే ముందు తడుతుంది. పైగా అది మందులకు లొంగే జబ్బు, కాబట్టి వదిలేయడానికి ఎవరికీ మనసొప్పదు. 14 నెలలు స్టెరాయిడ్లు ఇచ్చారు. మధ్యలో రెండుసార్లు ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, ఎక్కించారు. బరువు పెరిగింది, నిద్ర పోయింది, నడక మాత్రం ఉన్నచోటే ఉంది. చివరికి ఇది వంశపారంపర్యమేమోనని, ప్రోటీన్లు తయారుచేసే జన్యు భాగాలను అక్షరం అక్షరం చదివే ఎక్సోమ్ పరీక్ష కూడా చేయించారు. 'వ్యాధికి కారణమయ్యే మార్పు కనబడలేదు' అని రిపోర్టు వచ్చింది. దాంతో ఆ దారి మూసుకుపోయిందని అందరూ అనుకున్నారు.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగాను.

"రెండేళ్ళ నుంచి సార్," అన్నాడు.

పక్కనే ఉన్న వాళ్ళమ్మ అందుకున్నారు. "రెండేళ్ళేంటి నాన్నా? చిన్నప్పుడు పరిగెడితే నీ కాలి చెప్పు నిలిచేదా? చీలమండ మడతపడి ఎన్నిసార్లు పడ్డావు?" తర్వాత నా వైపు తిరిగి, "ఆటల్లో ఎప్పుడూ వెనకే ఉండేవాడండి, బద్ధకం అనుకున్నాం," అన్నారు.

మొత్తం కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇదే. రెండేళ్ళ జబ్బుకీ, పుట్టుకతో వచ్చి మెల్లగా బయటపడే జబ్బుకీ చికిత్స వేరు, జీవితమే వేరు. 'ఎప్పటి నుంచి' అని రోగిని అడిగితే, తనకు ఇబ్బంది అనిపించిన రోజు నుంచి లెక్క చెబుతాడు. తల్లిని అడిగితే మొదటిసారి పడ్డ రోజు నుంచి చెబుతుంది.

సాక్సులు తీయించాను. అరికాలి వంపు బాగా ఎత్తుగా ఉంది. నేల మీద నిలబడితే మధ్య భాగం అసలు ఆనడం లేదు. కాలి వేళ్ళు సుత్తిలా వంగి ఉన్నాయి. పిక్కల కింది సగం సన్నబడింది, తొడలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. మడమల మీద నడవమంటే ఒక్క అడుగు కూడా పడలేదు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి మీద పెడితే కంపనం తెలియడం లేదు, చీలమండ దగ్గర కొద్దిగా తెలుస్తోంది. ఆసక్తికరమైన సంగతేమిటంటే తిమ్మిర్లు, మంటలు ఉన్నాయా అని అడిగితే లేవన్నాడు. స్పర్శ ఇంత తగ్గినా రోగి ఆ ఊసెత్తకపోతే, ఆ లోటుతోనే పెరిగాడేమోనని అనుమానించాలి. పుట్టినప్పటి నుంచి లేనిదాన్ని ఎవరూ పోగొట్టుకున్నట్టు చెప్పరు.

తల పక్కకి తిప్పమన్నాను. మెడ మీద, చెవి కింది నుంచి వాలుగా వెళ్ళే నరం చర్మం కింద తాడులా తేలింది. మోచేతి వెనక అల్నార్ నరమూ అంతే, లావుగా, నున్నగా, నొప్పి లేకుండా. నరాలు లావెక్కితే కుష్ఠు కూడా లెక్కలోకి వస్తుంది. అందులో ఒకచోట లావై ఇంకోచోట మామూలుగా ఉండటం, చర్మం మీద స్పర్శ లేని మచ్చలుండటం ఎక్కువ. ఇతనికి మచ్చల్లేవు, తాకిన ప్రతి నరమూ ఒకేలా లావుగా ఉంది. అల్ట్రాసౌండులో కూడా మణికట్టు నుంచి చంక దాకా మీడియన్ నరం ఒకే తీరున పెరిగి కనబడింది.

ఆ రోజు నేనొక తప్పు చేశాను. వాళ్ళ నాన్న గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన పాదాలు చూడలేదు. 'ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా' అని అడిగాను, 'లేదండీ' అన్నారు, అలాగే రాసుకున్నాను. పది రోజుల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు ఆయన్ను బూట్లు విప్పమన్నాను. మొహమాటపడుతూనే విప్పారు. కొడుకు పాదాలే, పాతికేళ్ళు పైబడినట్టున్నాయి. బూట్ల ముందు కొనలు రెండూ అరిగి, లోపలి గుడ్డ బయటపడింది. మడమ వైపు అంతగా అరగలేదు. "మా ఇంట్లో అందరివీ ఇలాంటి కాళ్ళేనండీ, మా అక్కవీ ఇంతే," అన్నారు. జబ్బు ఉందా అని నేను అడిగాను, లేదన్నారు. ఆయన లెక్కలో అది జబ్బు కాదు, ఇంటి పోలిక. అప్పటి నుంచి ఆ ప్రశ్నకి వచ్చే జవాబు నేను నమ్మను, పాదాలు చూస్తాను.

నెర్వ్ కండక్షన్ టెస్టు ఇద్దరికీ నేనే చేశాను. అబ్బాయికి కుడి మీడియన్ నరంలో సెకనుకు 21 మీటర్లు, ఎడమవైపు 22, కుడి అల్నార్ 21, ఎడమ 20. ఆరోగ్యంగా ఉంటే చేతుల్లో 50 దాటుతుంది. 38 కంటే తగ్గితే మైలిన్ దెబ్బతిన్న రకంగా లెక్కిస్తాం. కాళ్ళలో కొన్ని నరాలు అసలు స్పందించలేదు. తండ్రి వయసు 47. ఏ ఫిర్యాదూ లేని ఆయన మీడియన్ నరంలో వేగం 22.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే జబ్బు గుట్టంతా ఈ అంకెల పోలికలోనే ఉంది. రోగనిరోధక వ్యవస్థ దాడి చేస్తే ఒకచోట కొరికినట్టు, ఇంకోచోట వదిలేసినట్టు ఉంటుంది. ఒక నరంలో 40, పక్కదానిలో 25 వస్తుంది, మధ్యలో ఎక్కడో సిగ్నల్ ఆగిపోతుంది, అలలు చెల్లాచెదురవుతాయి. ఇక్కడ అలాంటివేమీ లేవు. కుడి ఎడమలు ఒకటే, మణికట్టు మోచేయి ఒకటే, తండ్రీ కొడుకూ కూడా ఒకటే. బయటి నుంచి వచ్చే ఏ దాడీ ఇంత సమానంగా ఉండదు. మైలిన్ చుట్టే కణాలన్నీ మొదటి నుంచీ ఒకే లోపంతో పనిచేస్తుంటేనే ఇలా ఉంటుంది. వంశపారంపర్య నరాల జబ్బుల్లో వేగం ఇలా ఏకరీతిగా తగ్గుతుందని 1982లోనే లూయిస్, సమ్నర్ చూపించారు. 14 నెలల కిందటి రిపోర్టు మళ్ళీ తీసి చూశాను. అందులోనూ ఇవే అంకెలు. 'వేగం తక్కువ' అని అందరూ చదివారు, ఎంత సమానంగా తక్కువో ఎవరూ చదవలేదు.

ఎంఎల్‌పీఏ అనే పరీక్షకు రక్తం పంపించాం. అది జన్యువుల అక్షరాలు చదవదు, కాపీలు లెక్కపెడుతుంది. తండ్రీకొడుకులిద్దరికీ 17వ క్రోమోజోము మీద పీఎంపీ22 అనే మైలిన్ ప్రోటీన్ జన్యువు రెండుకు బదులు మూడు కాపీలు ఉన్నట్టు తేలింది. జబ్బు పేరు సీఎంటీ1ఏ. 1886లో ఫ్రాన్స్‌లో షార్కో, ఆయన శిష్యుడు మారీ, ఇంగ్లండులో టూత్ విడివిడిగా వర్ణించిన జబ్బు ఇదే, సీఎంటీ అంటే వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలే. సీఎంటీ అన్నిరకాలూ కలిపితే దాదాపు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అందులో సుమారు సగం ఈ 1ఏ రకమే.

మరి ఎక్సోమ్ ఎందుకు తప్పింది? అది అబద్ధం చెప్పలేదు. ఆ జన్యువులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. మూడు కాపీలూ నిక్షేపంగా ఉన్నాయి. పుస్తకంలో అచ్చుతప్పులు వెతికే మనిషికి, ఒక అధ్యాయం రెండుసార్లు కుట్టేశారన్న సంగతి కనబడకపోవచ్చు. చాలా ఎక్సోమ్ పరీక్షలు కాపీల లెక్కను నమ్మకంగా పట్టలేవు. నా ఉద్దేశంలో ఇలాంటి నరాల జబ్బులో మొదట చేయాల్సింది పీఎంపీ22 కాపీల లెక్క. అది చౌకైనది, సూటిగా జవాబు చెబుతుంది. ఎక్సోమ్ తర్వాత. ఈ కేసులో క్రమం తలకిందులైంది.

ఈ జబ్బుకు కారణం అదనపు ముక్కేనని 1991లో బయటపడింది, అది ఎలా వస్తుందో ఆ తర్వాత తేలింది. పీఎంపీ22 ఉన్న 14 లక్షల బేస్ జతల ముక్కకు అటూ ఇటూ, ఒక్కోటి సుమారు 24,000 బేస్ జతల పొడవున్న రెండు వరుసలు కాపలాగా ఉంటాయి. అవి దాదాపు 98 శాతం ఒకేలా ఉంటాయి. వీర్యకణం, అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతకట్టి ముక్కలు మార్చుకుంటాయి. అప్పుడు ఈ కవల వరుసల్లో ఒకటి తన జతతో కాకుండా రెండోదానితో పొరపాటున జతపడితే, ఒక కణానికి ముక్క అదనంగా వస్తుంది, ఇంకో కణానికి అది లేకుండా పోతుంది. అదనంగా వస్తే సీఎంటీ1ఏ. లేకుండా పోతే హెచ్‌ఎన్‌పీపీ అనే వేరే జబ్బు. అందులో కాలు మీద కాలు వేసుకుని కాసేపు కూర్చున్నా, మోచేయి ఆనించుకున్నా ఆ నరం రోజుల తరబడి పడిపోతుంది. ఒకే ప్రోటీన్ ఎక్కువైతే ఒక జబ్బు, తక్కువైతే మరొక జబ్బు. ఆ ముక్కలో ఇంకా కొన్ని జన్యువులున్నాయి, మరి దోషి పీఎంపీ22 అనే ఎందుకంటాం? ఆ ఒక్క జన్యువునే అదనంగా పెట్టిన ఎలుకలకు ఇదే జబ్బు వచ్చింది కాబట్టి.

అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది: "సార్, ప్రోటీన్ మంచిదే, జన్యువు మంచిదే అంటున్నారు. మంచిది కాస్త ఎక్కువుంటే మైలిన్ ఇంకా బాగా తయారవ్వాలి కదా?"

ఎవరికైనా రావాల్సిన ప్రశ్నే. జవాబు కోసం ష్వాన్ కణం పని చూడాలి. బయటి నరాల్లో ఒక్కో ష్వాన్ కణం ఒక్క ఆక్సాన్‌ను, అంటే నరం లోపలి తీగను ఎంచుకుని, తన పొరనే దాని చుట్టూ పదులసార్లు చుడుతుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఖాళీ లేకుండా బిగిస్తుంది. ఈ చుట్లలో సగానికి పైగా ప్రోటీన్ పీ0 అనేది. పీఎంపీ22 వాటా 2 నుంచి 5 శాతమే. 160 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్, పొరలో అటూ ఇటూ నాలుగుసార్లు దూరి ఉంటుంది. దీనికి సరిగ్గా మడతపడటమే కష్టం. మామూలు కణంలో కూడా తయారైన దానిలో దాదాపు 20 శాతమే పొర దాకా చేరుతుంది. మిగతా 80 శాతాన్ని కణం లోపలే గుర్తుపట్టి ముక్కలు చేసేస్తుంది. అంటే ఆరోగ్యవంతుడి కణానికే ఈ ప్రోటీన్‌తో చాకిరీ ఎక్కువ.

ఇప్పుడు మూడో కాపీ వచ్చి చేరింది. లెక్క ప్రకారం ఒకటిన్నర రెట్లు తయారవ్వాలి. బయాప్సీల్లో కొలిచి చూస్తే మనిషికీ మనిషికీ తేడా ఉంది. ఎంత పెరిగినా దాన్ని మడతపెట్టే, పారేసే యంత్రాంగం మాత్రం అంతే ఉంది. సరిగా మడతపడని ప్రోటీన్ కణం లోపల ముద్దలు కడుతుంది. దాన్ని తొలగించే ప్రోటియాసోముల మీద భారం పడుతుంది. ఇంకో సంగతి, ఈ జన్యువును మొదట గుర్తించింది మైలిన్‌లో కాదు, ఎదుగుదల ఆగిన కణాల్లో. కాబట్టి దాని మోతాదుకు కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ముదరాలి అన్న నిర్ణయాలతోనూ సంబంధం ఉంది. మోతాదు పెరిగినప్పుడు ష్వాన్ కణాలు పూర్తిగా ముదరవు. పొర చుట్టడానికి కావలసిన కొవ్వులు తయారుచేసే జన్యువులు మందగిస్తాయి. 1996లో తయారుచేసిన సీఎంటీ ఎలుకలో ఇది కనబడింది. 2018లో అదే జాతి ఎలుకలకు ఆహారంలో ఫాస్ఫోలిపిడ్లు కలిపి ఇస్తే మైలిన్ మెరుగైంది.

అయితే ఫలితం 'మైలిన్ తక్కువ' అన్న ఒక్క మాటతో అయిపోదు. ఆ ఎలుకల్లో సన్నని ఆక్సాన్లకు అవసరానికి మించి మందంగా, లావు ఆక్సాన్లకు పలచగా పొర పడింది. తీగ లావును బట్టి చుట్లు వేయాలన్న లెక్కే చెడిపోయింది. తీగ పొడవునా పొరకూ పొరకూ మధ్య ఉండే చిన్న ఖాళీలను గణుపులంటాం, రెండు గణుపుల మధ్య ఉండే దూరం కూడా పొట్టిదవుతుంది. సిగ్నల్ గణుపు నుంచి గణుపుకు దూకుతూ వెళ్తుంది కాబట్టి, గణుపులు ఎక్కువైతే ఒక్కో దూకు చిన్నదై వేగం పడిపోతుంది. పొర ఊడటం, మళ్ళీ చుట్టబోవడం, మళ్ళీ ఊడటం జీవితమంతా సాగుతుంది. ప్రతి ప్రయత్నంలో మిగిలిపోయిన ష్వాన్ కణాలు ఆక్సాన్ చుట్టూ వలయాలుగా పేరుకుంటాయి. మైక్రోస్కోపులో అడ్డంగా కోసిన ఉల్లిపాయలా కనబడేవి ఇవే. అబ్బాయి మెడ మీద నా వేలికి తగిలిన తాడు ఈ వలయాల లావే. అదనంగా మైలిన్ పేరుకోవడం కాదు, మైలిన్ చేయబోయి చేయలేకపోయిన కణాలు.

అబ్బాయి కాసేపు ఆలోచించి, "మరి నాన్నకూ నాకూ వేగం ఒకటే కదా, నాన్న నాకంటే బాగా నడుస్తారెందుకు?" అన్నాడు.

ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది. వేగం చిన్న వయసులోనే పడిపోయి, తర్వాత పెద్దగా మారదు. పడిపోయిన వేగంతోనే తండ్రి 47 ఏళ్ళు నడిచారు. బలం తీసేసేది వేగం తగ్గడం కాదు, లోపలి ఆక్సాన్ చచ్చిపోవడం. మూసలో పోసినట్టు ఒకే వేగం ఉన్న ఇద్దరిలో, ఎవరి ఆక్సాన్లు ఎక్కువ రాలిపోతే వాళ్ళ కండ ఎక్కువ ఎండుతుంది. అందుకే రిపోర్టులో వేగం పక్కనే ఉండే ఇంకో అంకె, కండరం స్పందన ఎత్తు, భవిష్యత్తు గురించి ఎక్కువ చెబుతుంది. అబ్బాయిది తండ్రిదానికంటే బాగా తక్కువగా ఉంది.

మైలిన్ పాడైతే తీగ ఎందుకు చావాలి? ట్రెంబ్లర్ అనే ఎలుక ఉంది, దాని పీఎంపీ22లో లోపం. దాని నరం ముక్క తీసి ఆరోగ్యమైన ఎలుక నరం మధ్యలో అతికించారు. ఆరోగ్యమైన ఆక్సాన్లు ఆ ముక్క గుండా పెరుగుతూ వెళ్ళాయి. ఆ ముక్కలో ఉన్నంత మేర సన్నబడ్డాయి, లోపలి అస్థిపంజరం అమరిక మారింది, రవాణా మందగించింది. ముక్క దాటగానే మళ్ళీ మామూలు. ష్వాన్ కణం తీగకు చుట్టిన ప్లాస్టిక్ తొడుగు కాదు, దాన్ని సాకే కణం అని ఇంతకంటే స్పష్టంగా చూపించే ప్రయోగం నాకు తెలియదు. పాదాల దాకా వెళ్ళే ఆక్సాన్లు అన్నిటికంటే పొడుగు కాబట్టి దారి పొడవునా ఎక్కువ ష్వాన్ కణాల మీద ఆధారపడతాయి, ముందుగా అవే దెబ్బతింటాయి.

చికిత్స సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే జన్యువు మోతాదు తగ్గించే మందు ఇంకా క్లినిక్‌లో వాడే దశకు రాలేదు. స్టెరాయిడ్లు ఒక్కసారిగా ఆపకుండా వారాల తరబడి తగ్గించుకుంటూ వచ్చాం. చీలమండను నిలబెట్టే ఏఎఫ్‌ఓ పట్టీలు అమర్చాం. మడమ వెనక కండరం బిగుసుకోకుండా రోజూ సాగదీసే వ్యాయామం, చేతివేళ్ళకు ఫిజియోథెరపీ, ఎముకల డాక్టరుతో స్నాయువు మార్పిడి ఆపరేషన్ గురించి ఒక సంప్రదింపు. విటమిన్ సి వేసుకోవచ్చా అని తండ్రి అడిగారు. 2004లో ఎలుకల్లో అది బాగా పనిచేసింది. ఇటలీ, బ్రిటన్ కలిసి 271 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల చొప్పున రెండేళ్ళు ఇచ్చి చూస్తే తేడా రాలేదు, 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. పీఎంపీ22 సందేశాన్ని మధ్యలోనే తుంచే యాంటీసెన్స్ మందు 2018లో ఎలుకల్లో జబ్బును వెనక్కి తిప్పింది. విటమిన్ సి అనుభవం గుర్తుంది కాబట్టి ఈ సంగతి చెప్పేటప్పుడు 'ఎలుకల్లో' అన్న మాట రెండుసార్లు చెప్పాను.

ఒక్క విషయం మాత్రం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. వింక్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఈ కుటుంబంలో ఎవరికీ ఇవ్వకూడదు. మూడో కాపీ ఉన్నవాళ్ళకు మామూలు మోతాదే కాళ్ళూ చేతులూ పడిపోయేంత దెబ్బ తీయగలదు. సీఎంటీ ఉందని తెలియకుండానే ఆ మందు ఇచ్చాక జబ్బు బయటపడ్డవాళ్ళున్నారు.

ఇక చెల్లెలు. తొమ్మిదేళ్ళది. ఏ ఇబ్బందీ లేదు. తండ్రికి ఉంది కాబట్టి ఆ పాపకు వచ్చే అవకాశం సగానికి సగం. పరీక్ష చేయించమని తల్లి, వద్దని తండ్రి. లక్షణాలు లేని పిల్లలకు, ఇప్పుడే ఇవ్వాల్సిన మందంటూ లేనప్పుడు, జన్యు పరీక్ష తొందరపడి చేయకూడదని నా అభిప్రాయం. ఆ సంగతి తెలుసుకోవాలో వద్దో పెద్దయ్యాక తనే నిర్ణయించుకోవచ్చు. అయితే వింక్రిస్టిన్ జాగ్రత్త తన ఫైల్లో కూడా రాయమన్నాను. ఏడాదికోసారి తీసుకొచ్చి మడమల మీద నడిపిస్తే చాలు, అప్పుడు చూద్దాం అన్నాను. తల్లికి అది పూర్తిగా నచ్చలేదు. ఆవిడ టెన్షన్ నాకు అర్థమైంది, ఆ మాటే ఆవిడతో అన్నాను.

మూడు నెలలకు తండ్రి వాళ్ళక్కను వెంటబెట్టుకొచ్చారు. ఆవిడకు 58 ఏళ్ళు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం తర్వాత పోలియో అన్నారట, అదే పేరుతో బతికారు. పోలియోలో కండరం పోతుంది గానీ స్పర్శ పోదు, రెండు కాళ్ళూ ఇలా అద్దంలో చూసినట్టు సమానంగా సన్నబడవు. ఆవిడ బొటనవేలి మీద ట్యూనింగ్ ఫోర్క్ పెట్టాను, తెలియలేదు. మీడియన్ నరం వేగం 20.

ఫలితం చెప్పాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు జ్వరంలో నన్ను ఆలస్యంగా తీసుకెళ్ళానని మా అమ్మ పోయేదాకా ఏడ్చేదండీ. అయితే అది ఆలస్యం వల్ల కాదన్నమాట?" అని అడిగారు.

కాదమ్మా, ఆ జ్వరానికీ దీనికీ సంబంధం లేదు, మీరు పుట్టకముందు నుంచే ఆ కాపీ మీలో ఉంది అని చెప్పాను. ఆవిడ తమ్ముడి వైపు తిరిగి, "విన్నావా?" అన్నారు.